బావ తెచ్చిన నీలం లైట్ల డబ్బా

శ్రీవాసవికి కంప్యూటరు కావాలి. అందులో వింతేమీ లేదు. ఆ ఏడు, అంటే రెండువేల ఏడులో, కడపలో కాస్త కలిగిన ప్రతి ఇంట్లోనూ ఎవరికో ఒకరికి కంప్యూటరు కావాల్సి వచ్చింది. వింతేమిటంటే, ఎందుకమ్మా అని అడిగిన తండ్రికి ఆమె నిజం చెప్పింది.

"ఆడుకోడానికి నాయనా."

తిరుమలయ్యకు వై.వి. స్ట్రీట్‌లో స్టీలు సామాన్ల అంగడి. గిన్నెల ధరలూ, వాటి మీద చెక్కే పేర్లూ తప్ప ఆటపాటల ఊసు ఎవరితోనూ ఎత్తి ఎరగడు. తిరుపతిలో ఎంసీఏ చదివొచ్చి, ఏడురోడ్ల దగ్గర కోచింగ్ సెంటర్లో పిల్లలకు పాఠాలు చెబుతున్న కూతురు ఇలాంటి మాట అంటుందని అతను అనుకోలేదు. ప్రాజెక్టు పని అనో, పోటీ పరీక్షలనో అని ఉంటే ఇంట్లో ఎవరూ కిమ్మనకపోదురు. కానీ హాస్టల్లో స్నేహితురాలి కంప్యూటర్లో కార్ల రేసు ఆడి ఆడి దాని రుచి మరిగిన శ్రీవాసవికి, తన జీతంలో దాచుకున్న డబ్బుతో కొనుక్కునే వస్తువు కోసం అబద్ధమాడటం అవమానంగా తోచింది.

"పెండ్లి కావాల్సిన పిల్లకు ఆటలా? ఇనేవాళ్లు నవ్వుతారు మే," అంది తల్లి సుబ్బరత్నమ్మ.

"నవ్వనీలేమ్మా. వాళ్లు నవ్వేదానికి నేనేమన్నా టికెట్టు పెడతాండానా?"

ఆమె దగ్గరున్నది ఇరవై వేలు. అంత కొద్ది డబ్బుతో ఆటలాడే మిషన్ కట్టాలంటే దేనికి పెట్టాలో, దేనికి పెట్టకూడదో తెలిసి ఉండాలి. మానిటరు పాతదైనా పరవాలేదు. క్యాబినెట్టు ఒట్టి రేకుడబ్బా అయినా చాలు. స్పీకర్లు అసలే వద్దు, చెవిలో పెట్టుకునేవి ఉన్నాయి. అట్లా మిగిల్చిందంతా గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టాలి. తెర మీద రోడ్డునూ కారునూ చకచకా గీసేది ఆ కార్డే. అది లేకుంటే తక్కినవి ఎంత గొప్పవైనా ఆట నడవదు. శ్రీవాసవి ఇదంతా నెలల తరబడి చదివి, ఏ భాగం ఏ రకమో తేల్చుకుంది.

అప్పుడు కలగజేసుకున్నాడు ప్రదీప్‌కుమార్.

ప్రదీప్‌కుమార్ ఆమె అక్క సుచరిత భర్త. ప్రొద్దుటూరులో సెల్‌ఫోన్ల షాపు. రీచార్జి కార్డులు అమ్మినంత మాత్రాన ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలన్నీ తనకు మేనమామ కొడుకులైనట్టు మాట్లాడేవాడు. అన్నం తినేటప్పుడు కూడా చెవికి బ్లూటూత్ తగిలించుకునే ఉండేవాడు. దానికి ఫోను వచ్చినట్టు ఎవరూ ఎప్పుడూ చూడలేదు. అత్తగారింటికి వస్తే ఫ్యాను కింద కుర్చీ అతనిది, పూర్ణాల్లో పెద్దది అతనిది, ఏ సంగతిలోనైనా చివరి మాట అతనిది. "నాకు తెల్దా?" అన్నది అతని ఊతపదం. అతనికి తెలియనివి ఎన్నో శ్రీవాసవికి తెలుసు. అయినా ఇంటి అల్లుడు కనుక నోరు మూసుకునేది.

"ఆడపిల్ల అంగళ్లెమ్మట తిరిగేదేంది మామా? నేను వచ్చే వారం హైదరాబాదు పోతాండా. అన్నీ నేనే తెస్తా. కంప్యూటరు గురించి నాకు తెల్దా?"

తిరుమలయ్య ముఖం వెలిగింది. "అల్లుడు తెస్తానంటే ఇంగేం కావాల?" అని, కూతురి డబ్బును కూతురి చేతనే అల్లుడికి ఇప్పించాడు. ఏమేం కొనాలో శ్రీవాసవి రాసిచ్చిన కాగితాన్ని ప్రదీప్‌కుమార్ చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకుంటూ, "దీంతో పని లేదులే పాపా," అన్నాడు. పాపా అంటే ఆమెకు ఒళ్లు మండేది.

ఆదివారం పొద్దున ఆటోలో దిగింది సరుకు. ప్రదీప్‌కుమార్ అట్టపెట్టె విప్పుతుంటే ఇంట్లోవాళ్లే కాక పక్కింటివాళ్లూ చేరారు. లోపలినుంచి బయటపడింది ఒక నల్లటి పెద్ద క్యాబినెట్టు. ముందువైపు సింహం మూతి, పక్కన గాజుతలుపు, లోపల నాలుగు ఫ్యాన్లు. స్విచ్చి వేయగానే ఫ్యాన్లన్నీ నీలంగా వెలిగాయి.

"పెండ్లి పందిరి మాదిరి ఉండాదే!" అని సుబ్బరత్నమ్మ మురిసిపోయి, పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టింది. ప్రదీప్‌కుమార్ దండ వేయించుకోవడానికి సిద్ధంగా ఉన్నవాడిలా మెడ కాస్త వంచి నిలబడ్డాడు.

శ్రీవాసవి కార్ల ఆట సీడీ పెట్టింది. రేసు మొదలైంది. మొదలైందనడం మర్యాద. కారు ఒక్క గంతు వేసి ఆగింది. ఏదో గుర్తొచ్చినట్టు ఇంకో గంతు వేసింది. గోడ వచ్చిన సంగతి తెరకు తెలిసేలోపు కారు గోడలో ఉంది.

"సీడీ డూప్లికేటు," అన్నాడు ప్రదీప్‌కుమార్. తర్వాత తనే కూర్చుని ఆడాడు. అతని కారు కూడా మోకాళ్ల నొప్పులున్న ముసలిదానిలా కదిలింది. "కొత్త బండి గదా. నాలుగు దినాలు తిప్పితే ఫ్రీ అవుతాది," అన్నాడు.

అప్పుడు శ్రీవాసవి గాజుతలుపులోంచి లోపలికి చూసింది. నాలుగు ఫ్యాన్ల వెలుగులో ఎక్కడ వెతికినా ఆ ఒక్కటి కనిపించలేదు.

"గ్రాఫిక్స్ కార్డు యాడ బావా?"

"మదర్‌బోర్డులోనే ఉంటాది పాపా. షాపోడే చెప్పినాడు. తెలీనోళ్లు వేరేది కొని దుడ్లు తగలేసుకుంటారు."

"ఆటలకు అది పనికిరాదు. నేను రాసిచ్చినా గదా. ఆ దుడ్లు ఏమైనాయి?"

"ఇట్లాంటి క్యాబినెట్టు ఊరికే వస్తాదా? స్పీకర్లు గూడా తెచ్చినా, ఐదు. సౌండు అదిరిపోతాది. ఈడ గది ఇరుకు గదా, మా షాపులో పెట్టించినా. నువ్వు వచ్చినప్పుడు ఇనొచ్చులే."

శ్రీవాసవి నాలుక చివరిదాకా వచ్చింది మాట. అంతలో తలుపు దగ్గర నిలబడిన సుచరిత కనిపించింది. అక్క వద్దన్నట్టు కనురెప్పలు వాల్చింది. శ్రీవాసవి ఆ మాటను మింగింది. అతని చెవికి వేలాడుతున్న బ్లూటూత్‌ను పీకి ఆ సింహం నోట్లో కుక్కాలనిపించింది గానీ, "కాఫీ తాగు బావా," అంది.

పోయిన డబ్బు పోయింది. ఇంక జీతం దాచి కార్డు కొనాలంటే ఏడాది పడుతుంది. శ్రీవాసవి అంతదాకా ఆగే మనిషి కాదు. ఆ వారమే, కోచింగ్ సెంటర్ వీధిలో గురుస్వామి అనే అతను తన నెట్ సెంటరు మూసేస్తున్నాడని విని వెళ్లింది. అతని దగ్గర ఆటలకోసం పెట్టిన మిషన్ ఒకటుంది. అందులో మంచి కార్డు ఉందని ఆమెకు తెలుసు. నెట్ సెంటరు తీసేసి అక్కడే కంప్యూటర్ జాతకాల అంగడి పెట్టబోతున్నాడు గురుస్వామి.

"మీయన్నను రమ్మనమ్మా, మాట్లాడుకుందాం," అన్నాడతను.

"నాకు అన్న లేడు. నాతోనే మాట్లాడు."

"మరి మీ నాయనను..."

"మా నాయనకు స్టీలు గిన్నెల ధర తెలుసు. కార్డు ధర నాకు తెలుసు."

గురుస్వామి ఆమెను ఎగాదిగా చూశాడు. శ్రీవాసవి సెల్‌ఫోన్లో తీసిన నీలం లైట్ల డబ్బా ఫోటో చూపించింది. అంతే, అతని కళ్లు కూడా నీలంగా మెరిశాయి. జాతకం అడగడానికొచ్చినవాళ్ల ముందు అట్లాంటిది వెలుగుతుంటే చాలు, గ్రహాలు వాటంతటవే దిగివస్తాయి. లోపల ఏముండాలో, ఏముంటుందో ఒక్కమాట కూడా అడగలేదు. ఆ ఖాళీ డబ్బాకు మారుగా కార్డునూ, దాన్ని మోయగల పవర్ సప్లై బిగించిన పాత రేకు క్యాబినెట్టునూ ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఇచ్చేముందు ఆమె అతని మిషన్లోనే గంటసేపు ఆడి, కార్డు బాగుందో లేదో చూసుకుంది. ప్రపంచంలో బావలాంటివాళ్లు ఇంకా ఉన్నారు కనుక తనకు మేలే జరిగిందని, రిక్షాలో రేకుడబ్బాను ఒళ్లో పెట్టుకుని వస్తూ నవ్వుకుంది.

మరుసటి రోజు సెలవు పెట్టి, పట్టపగలు వసారాలో చాప పరిచి, సింహం డబ్బాలోని సామానంతా విప్పి, ఒట్టి డబ్బాను గురుస్వామికి పంపించింది. మదర్‌బోర్డును రేకుడబ్బాలో బిగించింది. ప్రాసెసర్ మీది ఫ్యాను సరిగ్గా కూర్చుందో లేదో రెండుసార్లు ఊపి చూసింది. కార్డును దాని గాడిలో పెట్టి నొక్కేముందు మాత్రం ఒకటికి మూడుసార్లు సరిచూసుకుంది. విరిగితే ఇంక మార్చుకోవడానికి ఆమె దగ్గర సింహాలు లేవు. టక్కున కూర్చుంది. కడప ఎండలకు లోపల ఉడికిపోకుండా పక్క రేకు తీసేసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టింది.

స్విచ్చి వేసింది. ఒక్క లైటూ వెలగలేదు, వెలగడానికి లైట్లు లేవు. కానీ తెర మీద రేసు మొదలయ్యేసరికి రోడ్డు నీళ్లలా జారిపోయింది. మలుపులో చెట్ల నీడలు కారు అద్దం మీద పాకాయి. శ్రీవాసవి గట్టిగా కేక పెట్టింది. పాము వచ్చిందేమోనని సుబ్బరత్నమ్మ వంటింట్లోంచి చీపురు తీసుకుని పరుగెత్తుకొచ్చింది.

తర్వాతి నెల అక్కా బావా భోజనానికొచ్చారు. తన సింహం లేకపోవడం చూసి ప్రదీప్‌కుమార్ ముఖం మాడ్చుకున్నాడు. "ఈ మురికిడబ్బా ఏంది?" అంటూనే కూర్చుని ఆట పెట్టాడు. కారు రివ్వున దూసుకుపోయింది. అతను కుర్చీలో వెనక్కి వాలి మామ వైపు తిరిగాడు.

"చూసినారా మామా? నేను ఆపొద్దే చెప్పలే, నాలుగు దినాలు తిప్పితే ఫ్రీ అవుతాదని!"

"అల్లుడు చెప్పినాడంటే..." అని తిరుమలయ్య తల ఊపాడు.

శ్రీవాసవికి ఇంక అక్క కళ్లు కనబడలేదు. "బావా, పక్కరేకు తీసే ఉండాది. ఇందులో ప్రాసెసర్ యాదో చూపీ," అంది.

"నాకు తెల్దా?"

"తెలిస్తే చూపీ."

ప్రదీప్‌కుమార్ వంగాడు. కాసేపు వెతికి, వేలు పెట్టి చూపించాడు. "ఇదే గదా."

"అది హార్డ్ డిస్కు."

"అంటే... దీని ఎనక ఇది."

"అది కరెంటు పెట్టె. ముట్టుకోవద్దు, షాకు కొడతాది. బావా, నువ్వు తెచ్చినప్పుడు ఇందులో కార్డే లేదు. లేని కార్డు ఎన్ని దినాలు తిప్పినా ఫ్రీ కాదు. నా దుడ్లతో కొన్న స్పీకర్లు మాత్రం నీ షాపులో ఫ్రీగా మోగుతాండాయి."

చెప్పి నవ్వింది. ఆ నవ్వు ఆమె అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. ప్రదీప్‌కుమార్ మెడ ఎర్రబడింది. అన్నానికి కూర్చోకుండానే చెప్పులేసుకున్నాడు. "పద," అన్నాడు భార్యతో. ఆకులు వేసినవి వేసినట్టే ఉండిపోయాయి.

వాకిట్లో సుచరిత ఒక్క క్షణం ఆగింది. "నువ్వు ఈపొద్దు నవ్వుకుంటావు మే. ప్రొద్దుటూరు దాకా బస్సులో వినాల్సింది నేను," అని వెళ్లిపోయింది.

బావను అన్నందుకు శ్రీవాసవి ఇసుమంతైనా బాధపడలేదు. అక్క మాటకు మాత్రం ఆ రోజు ఆమెకు అన్నం సయించలేదు. తిరుమలయ్య కూతురితో మాట్లాడటం మానేశాడు. వారం తర్వాత, "పోయి అల్లునికి తప్పయిందని చెప్పిరా" అని మాత్రం అన్నాడు. శ్రీవాసవి అక్క కోసమని బయలుదేరింది.

ప్రొద్దుటూరు షాపులో ఐదు స్పీకర్లూ ఒక్కసారిగా అరుస్తున్నాయి. శ్రీవాసవి కౌంటర్ ముందు నిలబడి చేతులు కట్టుకుంది.

"తప్పయింది బావా. నీకుండే తెలివి నాకు యాడొస్తాది? నీ మాదిరి కంప్యూటరు తెచ్చేవాళ్లు ఈ జిల్లాలోనే లేరు."

అందులోని ఒక్క మాట కూడా అతనికి గుచ్చుకోలేదు. ప్రదీప్‌కుమార్ ఆ పొగడ్తను బాకీ వసూలైనంత సహజంగా తీసుకున్నాడు. కూర్చోబెట్టి సోడా తెప్పించాడు. కంప్యూటరుకు వైరస్ ఎందుకు వస్తుందో, దాని పక్కన తడిబట్టలు ఎందుకు ఆరేయకూడదో వివరించాడు. ఆమె వింటూ కూర్చుంది. ఇంత తేలిగ్గా సంతోషపడే మనిషి మీద ఇన్నాళ్లూ కోపం తెచ్చుకున్నానా అని తన మీద తనకే చిన్నతనంగా అనిపించింది.

షాపు మేడ మీదున్న ఇంట్లో సుచరిత సంచి సర్దుకుని ఉంది. "అమ్మకు నడుము నొప్పని చెప్పినా. వారం దినాలుంటా. పద పోదాం," అంది.

"అమ్మకు నడుము నొప్పా?"

"నాకేం తెలుసు? అడిగినోళ్లకు నువ్వూ అదే చెప్పు."

ఇంటికి చేరిన సాయంత్రం సుచరిత నేరుగా ఆ రేకుడబ్బా ముందు కూర్చుంది. ఏ మీట నొక్కితే కారు పోతుందో చెల్లెలిని అడిగింది. మొదటిసారి కారును సముద్రంలో దించింది. రెండోసారి వరసగా మూడు కార్లను గుద్ది, పళ్లు బిగించి, లారీ డ్రైవర్లు కూడా సిగ్గుపడే తిట్టొకటి తిట్టింది. శ్రీవాసవి నోరు తెరిచింది. అక్క నోట అలాంటి మాట ఆమె పుట్టాక వినలేదు.

"అక్కా, ఆపొద్దు నేను అట్ల అనకుండా ఉండాల్సింది. నీకు కష్టమాయె."

సుచరిత తెర మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఆయప్పకు ఏమీ తెలీదని నువ్వు ఒగ పూట కనిపెట్టినావు. నేను ఆరేండ్లుగా చూస్తాండా. షాపులో సిమ్ము ఎట్ల వేసేది కూడా పనోడే చెప్పాల," అంది. "నీ మీద కోపమెందుకొచ్చిందో తెలుసునా? ప్రాసెసర్ యాదో చూపీ అన్నావు చూడు, ఆ మాట అడిగేదానికి నాకు దాని పేరు తెలీకపాయెనే అని."

శ్రీవాసవికి నవ్వొచ్చింది. తర్వాత ఏడుపూ వచ్చింది. రెండూ కనబడకుండా వంగి, రేకుడబ్బా లోపలికి వేలు చూపించింది.

"ఇదో, ఈ ఫ్యాను కింద ఉండేది. అది ప్రాసెసర్."

"ఆ పక్కది?"

"ర్యాము."

"అడ్డంగా ఉండేది కార్డు గదా? అది నాకు తెలుసులే," అంది సుచరిత. "జరుగు, గాలి రాలే నాకు. ఇంగో రేసు పెట్టు."