జాలి దాటని మంట

మొదటి షిఫ్టు సైరన్ మోగేసరికి తిరుమల లాకరు ముందు నిలబడి ఫోను ఆపుతున్నాడు. తెర నల్లబడ్డాక కూడా బొటనవేలు దాని మీద ఒకసారి పైకి జరిగింది. తనకే నవ్వొచ్చింది. ఫోను లోపల పెట్టి, తాళం వేసి, బెల్టు బిగించి, ల్యాంపు రూములో క్యాప్ ల్యాంపు తీసుకుని హెల్మెట్‌కు తగిలించుకున్నాడు. గని నోటి దగ్గర మనిషి అలవాటుగా అతని జేబులు తడిమి చూశాడు. బీడీ, అగ్గిపెట్టె, ఫోను, ఏదీ లోపలికి పోకూడదు. చొక్కాలో మడతపెట్టిన పాఠం కాగితాలకు మాత్రం అడ్డు లేదు.

తిరుమల ఎవరూ రెండోసారి తిరిగి చూసే మనిషి కాదు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. పైకప్పు తగలకుండా నడిచీ నడిచీ మెడ కాస్త ముందుకు వంగింది. ఎంత రుద్ది కడిగినా కంటి అంచుల్లో బొగ్గు కాటుకలా నిలిచే ఉంటుంది. కరీంనగర్‌లో ఇంజనీరింగ్ చదివాడు. తండ్రి జబ్బుపడి పనికి పనికిరాడని తేలాక ఆయన గని ఉద్యోగం ఇతనికొచ్చింది. పైపులు మొయ్యాలి, కాలువల్లో బురద తియ్యాలి. మైనింగ్ సర్దార్ పరీక్ష పాసైతే ఒక జట్టు మనుషుల క్షేమం చూసే పని ఇస్తారు. రెండుసార్లు రాశాడు. రెండుసార్లూ తప్పాడు.

తెలివి లేక కాదు. పాఠం వీడియో పెట్టేవాడు. మధ్యలో తెర మీద ఎవరో చేపల పులుసు వండేవారు. అది ఉడికేలోపు ఒక ఏనుగుపిల్ల స్నానానికి దిగేది. తలెత్తేసరికి భార్య మమత వడ్డించిన అన్నం చల్లారిపోయి ఉండేది. ఫోనుకు కాపలాగా ఏదో యాప్ వేశాడు. మర్నాడు కాపలావాణ్ణే తీసేశాడు. ఒకసారి మమత ఫోనును బియ్యం డబ్బాలో దాస్తే, ఆమె ఫోనుతోనే రింగిచ్చి దొరకబట్టాడు. మోచేతి దాకా బియ్యంలో పెట్టి వెతుకుతుంటే కొడుకు రుత్విక్ ఆటనుకుని చప్పట్లు కొట్టాడు. మమత తిట్టినా రాని సిగ్గు ఆ చప్పట్లకు వచ్చింది.

ఇప్పుడతను పల్లంలోకి దిగుతున్నాడు. కాళ్ల కింద బొగ్గు తొట్లను తాడుతో లాగే రోప్ ట్రాక్, పక్కన నల్లటి నీళ్ల పాయ, ఎదురుగా తన దీపం వేసిన వెలుతురు ముక్క. చివర పంపు దగ్గర సదయ్య అప్పటికే ఉన్నాడు. పొట్టి మనిషి, పట్టుకుంటే వదలని చేతులు. ఆ చేతులతోనే వాల్వు తిప్పుతున్నాడు. ఇవాళ అతని ఉద్యోగానికి ఆఖరి షిఫ్టు. ఆ సంగతి అతని ముఖంలో ఎక్కడా కనబడలేదు. భుజాన తువ్వాలు మాత్రం కొత్తది.

చదువు ఇక్కడే మొదలైంది. ఎండాకాలంలో ఒకరోజు పంపు ఆపి అన్నం తింటుండగా తిరుమల కాగితం చూసుకుంటూ గొణుక్కున్నాడు.

"ఏందిరా, జరమొచ్చినోని లెక్క మాట్లాడుతున్నవ్?" అన్నాడు సదయ్య.

"పాఠం, కాకా. పరీక్షకు."

"గోడకెందుకు జెప్పుడు? నాకు జెప్పు."

అప్పట్నుంచి రోజూ అన్నం వేళకు ఒక పాఠం. గాలి ఎటునుంచి ఎటు పోతుంది, పైకప్పుకు ఆసరాగా దిమ్మెలెందుకు, ఏ గ్యాసు పైకి తేలుతుంది, ఏది కిందికి దిగుతుంది. సదయ్య అడిగేది ఒకటే మాట, "ఎందుకు?"

ఇవాళ టిఫిన్ డబ్బా మూత తీస్తూ తిరుమల అన్నాడు, "రేపటిసంది ఎవలికి జెప్పాలె, కాకా?"

"నేనేం జేసిన్రా? కూసుండి ఇన్న. సగం రోజులు కునుకు దీసిన."

"ఈడ ఫోన్ లేదు గాబట్టి చదువు ఎక్కుతున్నది. పైకి పోతె మల్ల గదే కథ."

సదయ్య ముద్ద మింగి, నీళ్లు తాగి, తాపీగా తల అడ్డంగా ఊపాడు. "గట్లనుకోకు. నీకు తెల్వనిది ఒకటి అడిగితె, జవాబు దొరికేదాక బువ్వ మింగవ్. నేను జూసిన. గది నీ లోపలిది. పైకి పోతె ఏడికి పోతది?" ఇంకో ముద్ద కలుపుతూ అడిగాడు. "సరె, ఆఖరుది. సర్దార్ చేతిల గ్యాసు జూసే దీపముంటది గదా. లోపలికి గ్యాసు పోతె మంట లేస్తదన్నవ్. దాని సుట్టు ఉన్నది ఉత్త జాలి, అన్నీ సందులే. మంట బయిటికెందుకు రాదు?"

"జాలి వేడిని గ్రహిస్తది" అన్నాడు తిరుమల ఠక్కున.

"గ్రహిస్తె?"

పుస్తకంలో వాక్యం అక్కడికే అయిపోయింది. సదయ్య నవ్వి, లేచి పంపు వేశాడు. ఆ మోతలో ఇక మాటలు వినబడలేదు.

షిఫ్టు దిగాక గని పైన సదయ్యకు దండ వేశారు, లడ్డూలు పంచారు. సదయ్య కొడుకు భూపాల్ బండి తెచ్చాడు. ఎక్కుతూ సదయ్య తిరుమల భుజం తట్టాడు. "పొద్దుగూకేటాలకు సామాన్లతోని ఊరికి పోతున్నం. మంథని దిక్కు వస్తె రా."

ఇంటికొచ్చి స్నానం చేసి కూర్చున్నా తిరుమలకు ఆ జాలే కళ్ల ముందు. కాగితాలు తిరగేశాడు. అదే వాక్యం, అంతకు మించి లేదు. వంటింట్లో రుత్విక్ పాలకు మారాం చేస్తున్నాడు. మమత గ్లాసులోని వేడి పాలను వెడల్పాటి స్టీలు పళ్లెంలోకి వంపింది.

"గట్లెందుకు పోసినవ్?" అన్నాడు.

"జల్ది సల్లార్తయని. పళ్లెం వేడి గుంజుకుంటది గదా. నీకు తెల్వదా ఏంది?"

తిరుమల లేచి వెళ్లి పళ్లెం అడుగు ముట్టుకున్నాడు. వేలు చురుక్కుమంది. పాల వేడంతా స్టీలులోకి వచ్చి, అంచుదాకా పరుచుకుంటోంది. అతను చెప్పులు తొడుక్కుని బయటపడ్డాడు.

"ఏడికి?" అని మమత అరుస్తూనే ఉంది.

సదయ్య క్వార్టరు రెండు వీధులవతల. పరుగులాంటి నడకతో చేరేసరికి తలుపుకు తాళం ఉంది. ముందు వాకిలి ఊడ్చి నీళ్లు చల్లి ఉంది. పక్కింటి రాజకుమారి గోడ మీద ఆరేసిన బట్టలు తీస్తోంది.

"ఇప్పుడే పోయిన్రు తమ్మీ. వ్యాను గా మూల మలిగింది. పనేమన్న ఉండెనా?"

"ఒక మాట జెప్పాలె అక్కా."

"గంతేనా? ఫోన్ జెయ్యరాదు?"

చెయ్యి జేబు మీదికి పోయింది. జేబు ఖాళీ. ఫోను ఇంట్లో, డ్యూటీ సంచిలో ఉంది. పొద్దున ఆపింది ఆపినట్టే ఉంది. లాకరు నుంచి తీశాక ఇంతవరకు అది గుర్తే రాలేదు. తిరుమల ఖాళీ చేతిని చూసుకుని, మెల్లగా నవ్వాడు.

"ఇంట్ల ఉన్నది."

"అయితె నాకు జెప్పు. నేను జెప్త తియ్యి."

అతను గోడకానుకుని చెప్పాడు. "దీపం సుట్టు ఉండేది తీగెల జాలి అక్కా. మంట దాన్ని దాటేలోపల్నే వేడంత తీగెలు గుంజుకుంటయ్. సందుల్లకెళ్లి బయిటికొచ్చేది సల్లబడ్డ పొగనే. దానికి బయటి గ్యాసును అంటువెట్టే దమ్ముండది."

రాజకుమారి బట్టలు చంకన పెట్టుకుని ఆలోచించింది. "మరి గా జాలే ఎర్రగ కాలితె?"

ఈసారి తిరుమల తడుముకోలేదు. "అప్పుడు మంట దాటుతది. గందుకే మంట పెద్దగైందంటె సర్దార్ దీపాన్ని ఎగవెయ్యకుంట, విసరకుంట మెల్లగ కిందికి దించుకొని, మనుషులందర్ని తీస్కొని బయిటికి రావాలె."

"నువ్వయితె తీస్కొస్తవా?"

"తీస్కొస్త" అన్నాడు.

ఆమె తలూపి లోపలికి వెళ్లింది. వీధి దీపాలు వెలిగాయి. తిరుమల వెనుదిరగబోతూ తాళం వేసిన గడప వైపు చూశాడు. మెట్టు పక్కన సదయ్య గనిబూట్లు, శుభ్రంగా కడిగి గోడకు వాల్చినవి, అడుగు గాడుల్లోంచి ఇంకా నల్లటి నీళ్లు కారుస్తూ సిమెంటు మీద సన్నటి చారలు గీస్తున్నాయి.