పెట్టె తీసిన బండి

ఆవిరి పట్టడానికి కాచిన నీళ్ళలో తేజశ్రీ పసుపు వేస్తుండగా వెనకనుంచి క్రాంతి అన్నాడు: "ఇవాళ నువ్వు ఆగిపో. మీటింగులో నేను చెప్తాలే. చెప్పేది నీ మాటే కదా."

అతని చేతిలో అప్పటికే కారు తాళాలున్నాయి. అడిగేవాడు తాళాలు పట్టుకుని అడగడు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఏప్రిల్ అది. రాష్ట్రం కాని రాష్ట్రంలో, ఆల్థాన్ అనే పేటలో వాళ్ళుండే అపార్ట్‌మెంటులో ఏ అంతస్తులో లిఫ్టు ఆగినా దగ్గే వినిపించేది. పక్కగదిలో అత్తగారు అనంతలక్ష్మి జ్వరంతో మూలుగుతోంది. పనిమనిషిని మాన్పించి ఏడాది దాటింది. ఆమె పని ఎవరు చెయ్యాలన్నది ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. నీళ్ళు పల్లానికి పోయినట్టు పోయి అది తేజశ్రీ మీద పడింది.

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ హజీరాలో ఒకే కంపెనీలో ఇంజనీర్లు. సైన్యానికి కవచపు బండి తయారుచేసే పని. ఆ డ్రాయింగులు గేటు దాటి బయటికి రావు. ఇంట్లో కూర్చుని చేసే పని కాదు. మీటింగుకు వెళ్ళని మనిషి ఆ బండికి సంబంధించినంతవరకు లేనట్టే.

తేజశ్రీ రెండేళ్ళుగా ఒకే మాట చెబుతోంది. ఈ బండిని రేపు మిత్రదేశాలకూ అమ్మాలి. కానీ అందులో శత్రువును కనిపెట్టే యంత్రం ఉంది. దాన్ని ఎంత స్నేహితుడికైనా ఇవ్వరు. ఇప్పటి డ్రాయింగులో దాని వైర్లు ఒంట్లో నరాల్లా బండంతా పాకి ఉన్నాయి. అంతా అయ్యాక విడదీయాలంటే బండిని చీల్చాలి, పరీక్షలన్నీ మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలి. ఈలోపు కొనేవాడు ఇంకో దేశం తలుపు తడతాడు. అందుకే కాగితం మీద ఉండగానే దాచుకోవలసిందంతా ఒక్క పెట్టెలోకి చేర్చాలి. ప్రాజెక్టు పెద్ద రామలింగేశ్వరరావు ప్రతిసారీ నవ్వేవాడు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందమ్మా నీ ధోరణి. ముందు మనవాళ్ళను కొననీ." చివరికి ఢిల్లీ నుంచే ఎగుమతి సంగతి అడిగారు. ఆ మాట చెప్పవలసిన రోజు ఇవాళే.

తేజశ్రీ పోపుల డబ్బా తెరిచి గట్టు మీద పెట్టింది. "ఇదిగో, ఇలా ఉండాలి. జీలకర్ర గిన్నె తీసేస్తే ఆవాల గిన్నె కదలకూడదు. కానీ ఒకటుంది క్రాంతీ. ఇప్పుడున్న వైర్లను అలాగే పెట్టెలోకి చేరిస్తే బండికి కరెంటు కూడా ఆ పెట్టెలోంచే వెళ్తుంది. పెట్టె లేకపోయినా కరెంటు వెళ్ళే దారి..."

"సరే, సరే." క్రాంతి అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

"మొగుణ్ణి పేరుపెట్టి పిలవకే," అని లోపలినుంచి అత్తగారు దగ్గుతూ అంది.

సాయంత్రం రామలింగేశ్వరరావు ఫోన్ చేశాడు. క్రాంతి స్పీకరులో పెట్టాడు. "భలే చెప్పావయ్యా పోపుల డబ్బా! అసలు వంటింట్లోకి ఎప్పుడైనా వెళ్తావా నువ్వు?"

"ఏదో సార్, ఇంట్లో చూస్తుంటాం కదా."

తేజశ్రీ అంట్లు తోముతూ కుళాయి కట్టేసింది. తర్వాతి మాట కోసం ఆగింది. ఆ మాట రాలేదు. "అమ్మాయిని జాగ్రత్తగా ఉండమను, మీ అమ్మగారికి తోడుగా," అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

"నా పేరు ఎందుకు చెప్పలేదు?"

"మనిద్దరిలో ఎవరి పేరైతే ఏంటి? ఇల్లు ఒకటే కదా."

ఇల్లు ఒకటే. అంట్లు మాత్రం ఒకరివే.

అనంతలక్ష్మికి ఊపిరి ఆడక అంబులెన్సు ఎక్కించిన రోజున, తలుపు మూసేముందు ఆవిడ మాస్కు పక్కకు లాగి కోడలి చెయ్యి పట్టుకుంది. "పప్పులో ఉప్పు చూశావా? తక్కువైతే వాడు తినడు." ఆవిడ నోట తేజశ్రీ విన్న చివరి మాట అది. ఆస్పత్రివాళ్ళు శవాన్ని కూడా చూపించలేదు. అస్థికలు తాపీ నదిలో కలిపి వచ్చాక ఆవిడ చీరలు మడతపెడుతూ తేజశ్రీ చాలాసేపు ఏడ్చింది. ఎందుకు ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. ఆవిడ ఏనాడూ తిన్నావా అని అడిగిన మనిషి కాదు. పేరు పెట్టి పిలవొద్దనీ, పొద్దెక్కి లేవొద్దనీ, ఆడదానికి ఫిరంగులతో పనేమిటనీ సాధించింది. అయినా ప్రతి చీర కొంగుకూ పసుపు మరకే, నూనె మరకే. చచ్చిపోతూ భగవంతుణ్ణి తలుచుకోవలసిన మనిషి ఉప్పును తలుచుకుంది. అరవై ఏళ్ళ బతుకులో తనకంటూ ఆవిడ ఏమీ దాచుకోలేదు. ఏది ఇవ్వాలో ఏది ఇవ్వకూడదో మొదట్లో ఎవరూ ఆవిడకు చెప్పలేదు. తనకూ ఎవరూ చెప్పలేదు. తను బళ్ళకు చెబుతోంది.

పెద్దకర్మ అయిన వారానికి క్రాంతి ఆఫీసు నుంచి మొహం వేలాడేసుకుని వచ్చాడు. తేజశ్రీ చపాతీ పిండి కలుపుతోంది.

"నమూనా వైరింగులో పెట్టె తీసి చూశారు. బండి స్టార్టు కావడం లేదు. అందరిముందూ నన్ను నిలబెట్టి అడిగారు. రేపు మళ్ళీ మీటింగు. ఆ రోజు నువ్వేదో చెప్పావు కదా, కరెంటు దారి అని. చెప్పు, రాసుకుంటాను."

అమ్మ పోయిందన్న దిగులు కూడా ఆ మొహంలో అంత లోతుగా కనిపించలేదు. తేజశ్రీ చేతికంటిన పిండి తీరిగ్గా కడుక్కుంది. "రేపు నేనే వచ్చి చెప్తాను," అంది.

పొద్దున్న క్రాంతి కారు తాళాల కోసం ఇల్లంతా వెతికాడు. అవి తేజశ్రీ చేతిలో ఉన్నాయి. రెండో చేతిలో బట్టల సంచీ ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు.

"సంచీ ఎందుకు?"

"హజీరాలో కంపెనీ క్వార్టర్సులో గది అడిగాను. ఇచ్చారు."

"పిచ్చా నీకు? అమ్మ పోయి నెల కాలేదు. మరి ఇల్లు?"

ఆమె చెప్పులు వేసుకుంది. తలుపు తీసి, వెనక్కి తిరిగింది.

"నన్ను తీసేశాక ఏదేది ఆగిపోతుందో చూడు క్రాంతీ. అది రాసుకో."