కప్పు కొన మీది కర్ర

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది వీళ్ళు: పెదనాన్న ఒగుతు, పెద్దమ్మ నెరియ, చూపు మందగించినా చెవులు మాత్రం చురుగ్గా ఉన్న నానమ్మ, మంచం కింద గుడ్లు పొదుగుతున్న కోడి, అపొండి. అపొండి లోపలి గదిలో మొక్కజొన్న బస్తాల పక్కన ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఏడుపు ఆపుకుంటోంది. మేస్త్రీ రడింగ్ టీ వేళకి వస్తానన్నాడు. ఆయన వచ్చేలోపు బొమ్మ పూర్తి కావాలి.

పెదనాన్న ఇన్నేళ్ళూ తన తండ్రి లోగిలిలోనే కాపురం చేశాడు. ఇప్పుడు సరస్సు కనిపించేలా గుట్ట మీద సొంత లోగిలి కట్టుకోబోతున్నాడు. కిసుము పట్నంలో ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేస్తున్న పెద్దకొడుకు ఒలూచ్ ఇంటి గోడలూ కప్పూ కంప్యూటర్లో లేపి, తన పాత ల్యాప్‌టాప్ అపొండి చేతిలో పెట్టి వెళ్ళాడు.

"గోడలు నేను లేపాను. రంగులూ గడ్డీ ఎండా నువ్వు వెయ్యి. చివర్లో రెండర్ అని నొక్కితే ఫోటో తీసినట్టు వస్తుంది. చేస్తూ ఉంటే అదే వస్తుంది," అన్నాడు.

పెదనాన్న ఇద్దరికీ కలిపి ఒకే మాట చెప్పాడు. "ఎన్ని సోకులైనా చెయ్యండి. రేకుల ఇల్లయినా సరే, కప్పు కొన మీద కర్ర మాత్రం ఉండాలి. మా నాన్న ఇంటికి ఉండేది, ఆయన పోయిన రోజున విరిచారు. నాదీ అంతే. నేను పోయాకే అది దిగాలి."

తర్వాత అపొండి వైపు తిరిగాడు. "బొమ్మ బాగుంటే జనవరిలో నిన్ను కిసుము పంపిస్తాను, వాడి ఆఫీసులోనే నేర్చుకుందువు. బాగోలేదా, ఎంబిటాలో మీ మేనత్త కొట్లో కూర్చుని ఎండు చేపలు అమ్ముకో."

బళ్ళో టీచరు ప్రశ్న అడిగితే బల్లకేసి చూసే పిల్ల అపొండి. కిసుము వెళ్ళాలని ఉందని ఎవరితోనూ అనలేదు. తల ఊపింది, అంతే.

అది మొదలు ఆ పెట్టె ఆమెని తిన్నగా నిద్రపోనివ్వలేదు. గోడకి ఇటుకలు పూస్తే ఒక్కో ఇటుక మేకంత అయింది. చిన్నవి చేస్తే గోడంతా ఎర్రమట్టి పులిమినట్టయింది. తలుపు తిప్పబోతే ఇల్లు తిరిగింది. ఇల్లు తిప్పబోతే ఇల్లే మాయమైంది. కంగారుపడి వెతికితే ఆవగింజంతై స్క్రీన్ మూలన కూర్చుని ఉంది. గడ్డి వేస్తే ఇంటి లోపల కూడా మొలిచింది. చెట్లు నేలకి మూరెడు పైన గాల్లో నిలబడ్డాయి, అదీ మంచు కప్పుకుని. లోగిలి చుట్టూ జెముడు కంచె కావాలి కదా, ఎంత వెతికినా జెముడు లేదు. వందరకాల సోఫాలు మాత్రం ఉన్నాయి.

తలుపు ఎంత ఎత్తో తెలియడానికి పక్కన మనిషి బొమ్మ పెట్టమన్నాడు ఒలూచ్. పెట్టింది. మనిషితో పాటు ఓ కుక్క కూడా వచ్చింది. పెద్దమ్మ చిన్న చేపలు చెరుగుతూ చెరుగుతూ లోపలికొచ్చి తొంగి చూసింది.

"ఎవడే ఈ తెల్లాయన, మన గుమ్మంలో?"

"కొలత కోసం పెద్దమ్మా."

"కొలవడానికొచ్చినవాడు కుక్కని తెచ్చుకుంటాడా? నా కోళ్ళేం కావాలి? తీసెయ్. తీసేసి నన్ను పెట్టు."

వెతగ్గా వెతగ్గా నల్లని మేనిఛాయ ఉన్న ఆడమనిషి ఒక్కతే దొరికింది, పాదాలదాకా నల్లటి గౌనులో. గౌను రంగు మార్చబోతే మొహం రంగు మారింది. విసుగెత్తి అలాగే వదిలేసింది.

"ఇది నేనా?" అంది పెద్దమ్మ. చేట పక్కన పెట్టి మరీ చూసింది. "సన్నబడ్డాను," అని మురిసిపోయి వెళ్ళింది.

ఆదివారం పొద్దున్న అంతా బాగానే ఉందనుకునేసరికి స్క్రీన్ బిగుసుకుపోయింది. ఒలూచ్‌కి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, కదలట్లేదు."

"మళ్ళీనా? ఏం నొక్కావు?"

"ఏం నొక్కలేదు."

"అందరూ అదే అంటారు. దానికి బరువెక్కువైందిలే. కిటికీ ఊచలూ, తలుపు గొళ్ళేలూ, అలాంటి చిన్న సామానంతా దాచెయ్యి. పేరు పక్కన కన్ను బొమ్మ ఉంటుంది చూడు. నొక్కితే కన్ను మూసుకుంటుంది, సామాను దాక్కుంటుంది. పోయినట్టు కాదు, లోపలే ఉంటుంది. రెండర్ నొక్కేముందు అన్ని కళ్ళూ తెరువు. మర్చిపోకు."

"మర్చిపోను."

ఊచలు దాచింది. గొళ్ళేలు దాచింది. చూరు గొట్టాలు, కర్ర, మెట్టు కింది రాళ్ళు, అన్నీ దాచింది. పెట్టె కాస్త ఊపిరి తీసుకుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, తీగ పీకితే ఆరిపోతుంది. కరెంటు వచ్చేదాకా బస్తాకి తల ఆనించి కూర్చుంది. వచ్చాక తెరిస్తే దాచినవన్నీ బయటపడి ఉన్నాయి, చెట్లు మళ్ళీ గాల్లోకి లేచి ఉన్నాయి. సామానంతా మళ్ళీ దాచి, చెట్లని ఒక్కొక్కటిగా కిందికి దించేసరికి మధ్యాహ్నం సగం అయిపోయింది. మళ్ళీ కరెంటు పోయేలోపు అయిపోవాలన్న భయం పట్టుకుంది. ఊచల కన్ను తెరిచింది, గొళ్ళేల కన్ను తెరిచింది, రెండర్ నొక్కింది. మిగిలిన కళ్ళ సంగతి బుర్రలోకే రాలేదు.

బొమ్మ మిరియాలు చల్లినట్టు చుక్కలు చుక్కలుగా మొదలైంది. లోపలి ఫ్యాను పిండిమరలా రొద చేసింది. చుక్కలు మెల్లగా కలుస్తున్నాయి. ముందు మెట్లు, తర్వాత గుమ్మం, గుమ్మంలో పెద్దమ్మ. అప్పుడే పెద్దమ్మ ఇస్త్రీపెట్టె పట్టుకుని వచ్చి ప్లగ్గు మీద చెయ్యి వేసింది.

"ముట్టుకోవద్దు!" అపొండి అరిచింది.

పెద్దమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. అవతలి గదిలోంచి నానమ్మ గొంతు వినిపించింది. "ఎవరే అది? మన పిల్లేనా? దీనికి గొంతుందా!"

రడింగ్ మేస్త్రీ వాకిట్లో సైకిల్ దిగేసరికి బొమ్మ పూర్తయింది. ఇటుకలు ఇటుకల్లా ఉన్నాయి. గడ్డి బయటే ఉంది. రేకుల మీద ఎండ మెరుస్తోంది. అపొండికి గుండె నిండిపోయింది. ముందు చుట్టాలందరికీ చూపించాలని పెదనాన్న చెప్పి ఉంచాడు. అపొండి పెద్దమ్మ ఫోను తీసుకుని స్క్రీన్‌ని ఫోటో తీసి, చుట్టాల గ్రూపులో పెట్టేసింది. తర్వాత ల్యాప్‌టాప్‌ని తీగతో సహా ముందు గదికి మోసుకొచ్చి, గోడకున్న ప్లగ్గులో పెట్టి, మళ్ళీ వెలిగించి, సేవ్ చేసిన బొమ్మ తెరిచి, బల్ల మీద ఉంచింది.

పెదనాన్న కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఓహో," అన్నాడు. "మెట్లు బాగున్నాయి. కిటికీలు బాగున్నాయి. రడింగ్, చూడు, ఇదిగో ఇలా కట్టాలి." వేలు గోడ మీంచి కప్పు మీదికి పాకింది. కప్పు కొన దగ్గర ఆగింది. అక్కడే ఉండిపోయింది.

పెద్దమ్మ టీ గిన్నె పట్టుకుని కదలకుండా నిలబడింది.

నానమ్మ కుర్చీలోంచి అడిగింది, "కర్ర ఎంత పొడవు పెట్టావే?"

రడింగ్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మిమ్మల్నే. కర్ర ఎంత పొడవుందీ అంటున్నాను."

రడింగ్ గొంతు సవరించుకున్నాడు. "ఏం ఒగుతూ, చెప్పాపెట్టకుండా ఎప్పుడు పోయావు? మాకు అన్నమన్నా పెట్టించకుండా!"

"నోరు ముయ్యి రడింగ్," అంది పెద్దమ్మ. తర్వాత ఆమె చూపు గుమ్మంలో ఒంటరిగా, పాదాలదాకా నల్లబట్టలతో, మొగుడు పోయినదానిలా నిలబడ్డ తన బొమ్మ మీద పడింది. టీ గిన్నె దబ్బున కింద పెట్టింది. "నేను సన్నబడ్డానంటే ఎందుకో అనుకున్నాను!"

అపొండి ఏదో అనేలోపే పెద్దమ్మ ఫోను మోగింది. ఎంబిటా నుంచి మేనత్త. ఆ ఏడుపు ఫోను చెవిన పెట్టుకోకుండానే అందరికీ వినిపించింది. పెదనాన్న ఫోను లాక్కున్నాడు.

"ఏడవకు. నేనే. నేనే అంటే నేనే, ఒగుతుని. అవును, బతికే ఉన్నాను. టీ తాగబోతున్నాను."

"మరి వదిన నల్లబట్టల్లో ఎందుకుంది అన్నయ్యా?"

"కొలతకి!" అని అరిచి పెట్టేశాడు. పెట్టగానే మళ్ళీ మోగింది. ఈసారి ఒలూచ్. ఆ తర్వాత ఇంకొకరు. పెదనాన్న బతికే ఉన్నానని చెప్పి చెప్పి అలిసిపోయి, ఫోను కుర్చీ కిందకి తోసి, అపొండి వైపు తిరిగాడు.

"రేపు పొద్దున్నే మీ మేనత్త దగ్గరికి బయల్దేరు. ఆ పెట్టె మూసెయ్."

అపొండి నేలకేసి చూసింది. అలా చూస్తూనే అంది, "పోలేదు పెదనాన్నా. దాచాను."

"ఏంటి?"

"కర్ర. దాచాను. లోపలే ఉంది. కన్ను తెరవడం మర్చిపోయాను." ముందుకొచ్చి, బొమ్మ పక్కకి జరిపి, వెనకున్న ఇల్లు తెరిచి, కర్ర పేరు పక్కనున్న కన్ను నొక్కింది. కప్పు కొన మీద కర్ర టక్కున లేచి నిలబడింది.

పెదనాన్న వంగి చూశాడు. "నొక్కు మళ్ళీ."

కర్ర పోయింది.

"నొక్కు నొక్కు! తెరువు!"

కర్ర వచ్చింది. ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు.

"వచ్చింది కదా, మరి ఇదే పంపించు వాళ్ళకి," అంది పెద్దమ్మ.

"ఇది బొమ్మ కాదు పెద్దమ్మా. మళ్ళీ రెండర్ చెయ్యాలి. చీకటిపడే వేళవుతుంది."

"నువ్వు చెయ్యనక్కర్లేదు, నేనే చేస్తాను," అని పెదనాన్న కుర్చీ లాక్కుని మౌస్ పట్టుకున్నాడు. చిన్నగా కదిపాడు. ఇల్లు తలకిందులైంది. ఇంకాస్త కదిపాడు. ఇల్లు ఆవగింజై మూలకి పోయింది. "ఏదీ? ఇల్లేదీ? నా ఇల్లు ఏం చేసింది ఇది?"

రడింగ్ నోటికి టీ కప్పు అడ్డం పెట్టుకున్నాడు.

నానమ్మ తన చేతికర్రతో నేల తట్టింది. "ఒరేయ్, ఆ పిల్లని ఎంబిటా పంపిస్తే నువ్వు ఆ బొమ్మలో చచ్చే ఉంటావు. చుట్టాలంతా పొద్దున్నకల్లా దిగుతారు. ఎంతమందికి సంకటి వండిస్తావో ఆలోచించుకో."

పెదనాన్న మౌస్ వదిలేశాడు. ల్యాప్‌టాప్ తీగ పీకి, దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో ఎత్తుకుని లోపలి గదిలోకి నడిచాడు. బస్తాల పక్కన దించాడు. ప్లగ్గు తనే పెట్టి, వెనకే వచ్చిన అపొండిని దాని ముందు కూర్చోబెట్టాడు. పెద్దమ్మ ఇస్త్రీపెట్టెని కాలితో బయటికి తోశాడు.

"జనవరిలో కిసుముకే పో," అన్నాడు పళ్ళు బిగించి. "ఇలాంటివన్నీ అక్కడ నేర్చుకో, వేరేవాళ్ళ ఇళ్ళ మీద. నా ఇంటి మీద ఇదే ఆఖరు. మీ పెద్దమ్మకి పువ్వుల గౌను వెయ్యి."

"రంగు మారిస్తే మొహం..."

"నాకేం చెప్పకు! ముందు నన్ను బతికించు. అన్ని కళ్ళూ తెరిచాకే బయటికి రా."

అని గుమ్మం దాటి, అపొండి మొహం మీదే తలుపు మూసేశాడు.