అంబులెన్స్‌లో ఓటు

ఆ ఒక్క ఓటు వేసి చచ్చిపోయినా ఫరవాలేదనుకున్నాడు ఎర్నెస్ట్ టాస్కర్. ఎటు వేయబోతున్నాడో తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకరు షిప్‌యార్డు యూనియన్ నాయకుడు లెన్ పర్డీ. రెండో మనిషిని నేను, ఎర్నెస్ట్ ఎన్నికల ఏజెంటుని.

ఆ ఓటు పార్లమెంటులో ఒక బిల్లు మీద. బిల్లు మా పార్టీ ప్రభుత్వానిదే. పాసైతే యార్డు మూత పడుతుంది. యార్డు తప్ప మా ఊరు స్కార్ల్‌బీలో చెప్పుకోదగ్గ పనేదీ లేదు. ఎర్నెస్ట్ ముప్పై ఏళ్లుగా మా ఎంపీ. ఇన్నేళ్లలో పార్టీ విప్ మాట దాటి ఒక్కసారి కూడా ఓటెయ్యలేదు. అలాంటి మనిషి కార్మికుల క్లబ్బులో బీరు గ్లాసు పక్కకి నెట్టి, ఈసారి వ్యతిరేకంగా వేస్తానని లెన్‌కి మాటిచ్చాడు. ముందే పొక్కితే పార్టీవాళ్లు అడ్డుపడతారు కాబట్టి ఆఖరి నిమిషం దాకా గుట్టుగా ఉంచమన్నాడు.

"ఇన్నేళ్లూ నిలువుగా ఊపిన తల. అడ్డంగా తిరుగుతుందంటావా?" అన్నాడు లెన్.

ఎర్నెస్ట్ నవ్వలేదు.

వారం తిరక్కుండా ఆయనకి లండన్‌లో గుండెపోటు వచ్చింది. మంచం దిగితే తమ పూచీ లేదన్నారు డాక్టర్లు. కానీ సభలో రెండు పక్షాలూ సరిసమానంగా ఉన్నాయి. ఓటింగు రోజు మధ్యాహ్నం మా విప్ గ్రీవ్స్ అంబులెన్స్ పంపించాడు. జబ్బుపడ్డ సభ్యుడు పార్లమెంటు ఆవరణలోకి వస్తే చాలు, లోపలికి నడవక్కర్లేదు. ఇరుపక్షాల విప్‌లూ బండిలోకి తొంగిచూస్తారు. మనిషి బతికే ఉన్నాడని చూసుకుని తలూపి వెళ్తారు. ఓటు పడ్డట్టే.

"వాళ్ల బండిలోనే వెళ్లి వాళ్లనే ముంచుతా చూడు, వినీ" అన్నాడు ఎర్నెస్ట్, దారిలో నా చెయ్యి పట్టుకుని. ఆ చెయ్యి చల్లగా ఉంది. ముఖంలో మాత్రం, తొలిసారి గెలిచిన రోజు చూసిన కళ.

ఆవరణలో వాన. ఓటింగు గంట మోగుతోంది. వెనక తలుపులు తెరుచుకున్నాయి. గ్రీవ్స్, పక్కన ప్రతిపక్షం విప్ సర్ రూపర్ట్.

"శభాష్ ఎర్నెస్ట్. నువ్వు వస్తావని నాకు తెలుసు" అని గ్రీవ్స్ తలూపాడు.

ఎర్నెస్ట్ ముఖం మీది ఆక్సిజన్ మాస్కు లాగేశాడు. "నా ఓటు వ్యతిరేకం."

ఆయాసంతోనే అన్నా ప్రతి అక్షరం స్పష్టంగా వినబడింది. గ్రీవ్స్ ముఖం పాలిపోయింది. నేను సర్ రూపర్ట్ వైపు చూశాను. ఆయన ఆ మాట పట్టుకుంటే చాలు, గెలుపు ఆయన పక్షానిదే. ఆయన గ్రీవ్స్ వైపు తిరిగాడు.

"బండిలో మనిషి తన పార్టీ లెక్కే, గ్రీవ్స్. ఇవాళ మీవాణ్ణి నేను లాక్కుంటే రేపు మావాణ్ణి నువ్వు లాక్కుంటావు. ఈ పద్ధతి చెడితే ఇద్దరికీ నష్టమే." తర్వాత టోపీ ఎత్తి, త్వరగా కోలుకోమని ఎర్నెస్ట్‌కి మర్యాదగా చెప్పాడు.

ఎర్నెస్ట్ అన్నది మీరిద్దరూ విన్నారు కదా అని నేను నిలదీశాను. మందుల మత్తులో ఏదో అంటున్నాడన్నాడు గ్రీవ్స్. అప్పటికే వెనక్కి తిరిగాడు.

"వ్యతిరేకంగా వెయ్యాలంటే లోపలికి నడిచి రమ్మనమ్మా."

ఎర్నెస్ట్ దుప్పటి తోసేశాడు. ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. రెండోది కింద పెట్టబోతూ కూలిపోయాడు. డ్రైవరూ నేనూ పట్టుకున్నాం. మళ్లీ పడుకోబెట్టేలోపు గంట ఆగిపోయింది, ఓటింగు తలుపులు మూసేశారు.

బిల్లు ఒక్క ఓటుతో గెలిచింది.

మర్నాడు పత్రికలన్నీ ఆయన్ని పొగిడాయి. చావుబతుకుల్లో కూడా పార్టీని విడవని మనిషన్నాయి. ప్రధాని పూలు పంపాడు. జరిగింది ఊళ్లోవాళ్లకి చెప్పమని ఎర్నెస్ట్ నన్ను బతిమాలాడు. నేను క్లబ్బుకి వెళ్లి లెన్‌కి అంతా చెప్పాను. అతను అడ్డు తగలకుండా విన్నాడు.

"ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా కాదని ఉంటే, ఆ రోజు తలుపు తెరిచి ఎటు వేస్తావని అడిగేవాళ్లు వినీ" అన్నాడు. అని, గోడ మీది పలకకి చిన్న బాణాలు విసిరే ఆటగాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

లెన్ ఏమన్నాడని ఎర్నెస్ట్ అడిగాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

చలికాలంలో యార్డు మూసేశారు. వసంతంలో ఎన్నికలు వచ్చాయి. విధేయుడని పార్టీ మళ్లీ ఎర్నెస్ట్‌కే టికెట్టిచ్చింది. కర్ర ఊతంతో ఇంటింటికీ తిరిగాడు. కొందరు తలుపు తియ్యలేదు. తీసినవాళ్లు ఆయన కోటుకున్న పార్టీ రంగు రిబ్బను చూసి, అలాగేలే అన్నారు. ఎప్పటికంటే ఎక్కువ ఆధిక్యంతో గెలిపించారు.

పోలింగు రోజు లెన్ కూడా వచ్చాడు, యార్డు కోటులోనే. ఎవరికి వేశాడో నేను అడగలేదు. మా ఊళ్లో అది ఎవరూ అడగరు.