తోడల్లుడి సైకిలు

టెక్కలి డాక్టరుగారు కాగితం మీంచి తల ఎత్తకుండానే, "షుగరుంది," అన్నాడు.

ఎల్లాజీకి నవ్వొచ్చింది. పుట్టింది భావనపాడు ఒడ్డున. ముందుకు చూస్తే సముద్రం నిండా ఉప్పు, వెనక్కి తిరిగితే నౌపడ మళ్ల నిండా ఉప్పు, తినే చేపలో ఉప్పు, తుడుచుకునే చెమటలో ఉప్పు. ఇంత ఉప్పు మధ్య తన ఒంట్లోకి చక్కెర ఏ దారిన దిగుమతి అయిందో అతనికి అంతుపట్టలేదు.

"నడక గానీ సైకిలు గానీ మొదలుపెట్టు. రోజూ ఓ గంట."

"సైకిలా బాబూ? సైకిలంటే నానే! నా వయసంతా ఆ సీటు మీదే అరిగిపోనాది," అన్నాడు ఎల్లాజీ రొమ్ము విరుచుకుని. రొమ్ము విరిచాడే గానీ, దానికంటే ముందు పొట్ట వెళ్లి డాక్టరుగారి బల్లకు తగిలింది.

అన్నమాటలో అబద్ధం లేదు. ఒకప్పుడు క్యారియరే ఎల్లాజీ కెరీరు. తెల్లారేసరికి పడవల దగ్గర చేపలు ఎత్తుకుని, వెదురుబుట్ట వెనక కట్టి, ఏడెనిమిది మైళ్ల లోపలున్న వరిచేల ఊళ్లకు తొక్కేవాడు. ఊరి మొదట్లో హ్యాండిలుకున్న రబ్బరు బూర నొక్కేవాడు. ఒకటి పొడుగు, రెండు పొట్టి. పోం... పోం పోం. బూర లేని చేపల సైకిలు ఉండదు గానీ, ఎవరి వరస వారిది. ఒకరి వరస ఇంకొకరు వాయించరు. వాయిస్తే ఒకరి వరి చేలో ఇంకొకరు కోత పెట్టినంత తప్పు. ఇంట్లో పొయ్యి దగ్గరున్న ఆడవాళ్లు ఆ వరస చెవిన పడగానే, వచ్చింది ఎవరో తెలుసుకుని, గిన్నె పట్టుకుని వీధిలోకి వచ్చేస్తారు.

తర్వాత మోపెడ్ వచ్చింది. ఆ తర్వాత ఆటో వచ్చింది. ఊళ్లు తిరగడం పోయి, ఆటో నిండా చేపలేసుకుని టెక్కలి మార్కెట్టులో దింపి రావడం పనైంది. తిరిగే పని కాస్తా కూర్చునే పని అయ్యేసరికి, పొట్ట కూడా వచ్చి అతని ఒళ్లోనే కూర్చుంది. మోపెడ్ కొన్ననాడే, అంటే పద్నాలుగేళ్ల కిందటే, సైకిలునూ, ఆ ఊళ్లనూ, బూర వరసనూ కలిపి తోడల్లుడు అప్పలసూరి చేతిలో పెట్టేశాడు. పాత లుంగీ ఇచ్చినంత తేలిగ్గా ఇచ్చాడు. "తీసుకోరా తమ్ముడూ, నాకింక దాంతో పనేటి?" అని.

ఇప్పుడు పని పడింది.

అది 2013 ఏప్రిల్. వేట నిషేధం మొదలైంది. నలభై ఏడు రోజులు బోట్లు ఒడ్డెక్కి ఎండలో పడుకుంటాయి. చేప ఉండదు, చేపల సైకిలుకు పనుండదు.

"కొత్త సైకిలెందుకు మావా?" అంది భార్య లక్ష్మణమ్మ. "మా సెల్లి మొగుడిది ఊరికినే ఉన్నాది కదేటి, అడుగు. ఆ సూరిని సూడు. నీకన్నా నాలుగేళ్లే సిన్న. పొట్ట నేదు, మాత్ర నేదు, జుట్టుకి రంగు నేదు. ఇప్పుడికీ తాటిసెట్టునాగ నిటారుగుంటాడు."

"తాటిసెట్టుకి నీడుండదే."

"నిజమే. నీ నీడలో అయితే ఊరంతా మంచాలేసుకుని పడుకోవచ్చును."

అలా గాలి తీయించుకునే ఎల్లాజీ తోడల్లుడి ఇంటికి బయల్దేరాడు. టైరులో గాలి పోతే పంపుంది. మొగుడి గాలి పెళ్లామే తీసేస్తే కొట్టుకోవడానికి పంపెక్కడిది?

సూరి వాకిట్లో గోడకు ఆనించిన సైకిలును చూడగానే, వదిలేసిన పెళ్లాం వేరే ఇంట్లో పట్టుచీర కట్టుకుని కనిపించినట్టయింది. చక్రాల చువ్వలు తళతళ. చైనుకు నూనె. సీటుకు ఎర్రకుచ్చుల తొడుగు. వెనక మడ్‌గార్డు మీద పచ్చరంగుతో వంజరం చేప బొమ్మ. తన దగ్గరున్నన్నాళ్లూ దాన్ని గడ్డితో కూడా తుడిచిన గుర్తు లేదు. అయినా తన సొత్తు ఎవరో దోచుకుపోయినట్టు చూశాడు.

"ఏటన్నా ఇలగొచ్చినావు?" అంటూ సూరి లోపల్నించి వచ్చాడు.

"డాక్టరు సైకిలు తొక్కమన్నాడ్రా. నీది ఊరికినే ఉన్నాదని మీ వదిన..."

"తొక్కన్నా! నీ సైకిలే కదేటి. బోట్లు దిగిన దాకా ఉంచీసుకో."

నీ సైకిలేనట! తనది తనకే దానం చేస్తున్నాడు, పైగా నవ్వుతూ! తోడల్లుడు కాదు వీడు, తోడేలు, అనుకున్నాడు ఎల్లాజీ.

మరదలు గురమ్మ మంచినీళ్ల చెంబుతో వచ్చింది. "సూసి ఎక్కు బావా. సీటు సిన్నది, నివ్వు పెద్దోడివి."

"పెద్దరికం సీటుని బట్టి రాదే గురమ్మా," అన్నాడు గానీ, ఆ మాట అనడానికి రెండుసార్లు ఊపిరి పీల్చుకోవాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే, ఎవరూ చూడకుండా, ఉప్పుమళ్ల రోడ్డు దాకా నడిపించుకు వెళ్లి అక్కడ ఎక్కాడు. మొదటి ఫర్లాంగు సైకిలు ఒక దారి, ఎల్లాజీ ఒక దారి, పొట్ట ఒక దారి. హ్యాండిలు పాములా మెలికలు తిరిగింది. ఒక మేక దారి తప్పుకుని, మళ్లీ వెనక్కి తిరిగి వింతగా చూసింది. రెండో ఫర్లాంగులో మోకాళ్లకు ఏదో గుర్తొచ్చింది. మూడో ఫర్లాంగులో నడుముకు గుర్తొచ్చింది. కాలవ మీది వంతెన ఎక్కేసరికి గుండె బోటు ఇంజనులా కొట్టుకుంది. దిగేటప్పుడు కాళ్లు రెండూ వాటంతట అవే పెడళ్ల మీంచి లేచి, ఎడంగా చాచుకున్నాయి. లుంగీ తెరచాపలా ఉబ్బింది. రెండు పక్కలా మళ్లలో తెల్లటి ఉప్పుకుప్పలు వెనక్కి పరుగెత్తాయి. యాభై రెండేళ్ల ఎల్లాజీ, ఎవరో చక్కిలిగిలి పెట్టినట్టు, పైకి అరిచాడు.

"ఓలబ్బో!"

ఆటోలో కూడా గాలి ఉంటుంది. కానీ అది టిక్కెట్టు లేని పాసింజరులా పక్కనుంచి ఎక్కి పక్కనుంచి దిగిపోతుంది. సైకిలు మీద గాలి అలా కాదు, మన కాళ్లతో మనం తయారు చేసుకున్న సరుకు. ఎంత తొక్కితే అంత దిగుబడి.

వంతెన దిగి, నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే, ఎల్లాజీకి ఒక సంగతి తట్టింది. ఈ వంతెనా, ఈ జారుడూ, ఈ గాలీ... పద్నాలుగేళ్లుగా రోజూ సూరిగాడు ఒక్కడే అనుభవించాడు! తను ఆటోలో ఐసు నీళ్లు కారుతుంటే పొగ పీలుస్తూ కూర్చున్నన్నాళ్లూ, వాడు ఇక్కడ కాళ్లు చాచుకుని జారాడు. పోనీ ఒక్కనాడైనా చెప్పాడా? "అన్నా, బలే ఉంటాదన్నా" అని నోరు తెరిచాడా? దొంగ!

నెల గడిచింది. లుంగీ ముడి రెండు వేళ్లు లోపలికి జరిగింది. నిద్ర పట్టింది. రోజుకో మైలు ఎక్కువ తొక్కాడు. ఎంత సంతోషించాడో అంత కుళ్లుకున్నాడు. కొంగ ఎగిరితే, ఇది సూరికి రోజూ ఎగిరి ఉంటుంది. జీడితోట నీడ చల్లగా తగిలితే, ఈ చల్లదనం సగం సూరి ముందే వాడేసి ఉంటాడు. సైకిలు ముందు చక్రం సంతోషం, వెనక చక్రం అసూయ. రెండూ తిరిగితేనే బండి కదిలింది.

అలా తొక్కుకుంటూ ఒకనాడు లోవపేట దాకా వెళ్లిపోయాడు. ఊరి మొదట్లో చింతకొమ్మ కింద దూరేసరికి, అతని బొటనవేలు అతన్ని అడక్కుండానే బూర నొక్కేసింది. పోం... పోం పోం.

నిషేధం రోజులు. నెలకు పైగా పచ్చి చేప మొహం చూడని ఊరు. ఒక్కసారి తలుపులన్నీ తెరుచుకున్నాయి.

"సూరి వచ్చినాడే! బేగి గిన్ని తే!"

"నిషేదంలో సేపలెక్కడివమ్మా?"

"సూరి కదే, ఎక్కడినుంచో అట్టుకొచ్చుంటాడు!"

గిన్నెలు, డేగిసాలు, ఒకావిడ ఏకంగా బూడిద పూసిన కత్తిపీటతో సహా వచ్చేసింది. వచ్చి, సీటు మీద ఎల్లాజీని చూసి, ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

ముందుగా సుహాసిని అనే కొత్తకోడలు అడిగింది. "సూరి బాబేడీ? నువ్వెవరు బాబూ?"

"నాను ఎల్లాజీనమ్మా! సూరికన్నా ముందు ఈ ఊరికి సేపలు తెచ్చింది నానే. ఈ బూర వరస కట్టింది నానే!"

ముసలావిడ లక్ష్మీనరసమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గరికి వచ్చింది. ఆవిడకు ఒకప్పుడు తను అమ్మిన సందువ చేపలు ఎన్ని వందలో. ఎల్లాజీ ఆశగా మొహం ముందుకు పెట్టాడు.

"సైకిల్ని పోల్సినాను నాయినా," అంది ఆవిడ, హ్యాండిలు నిమురుతూ. "నిన్నే పోల్సలేకపోతన్నాను."

ఓట్లు అడగడానికి వచ్చినవాణ్ని పంపినట్టు, మర్యాదగా మంచినీళ్లిచ్చి పంపేశారు. దారి పొడుగునా ఎల్లాజీకి ఒకటే మాట. నా ఊళ్లు. నా ఆడపడుచులు. నా వరస. బోట్లు దిగిన మొదటి రోజు ఈ బుట్ట కట్టుకుని నేనే వస్తాను. చేప పట్టుకొస్తే ఎవరు గుర్తుపట్టరో చూస్తాను!

నిషేధం ఆఖరి రోజు సాయంత్రం సూరి వచ్చాడు. "అన్నా, రాత్రికి బోట్లెల్తన్నాయి. రేపటికి సైకిలు..."

"తెల్లారేసరికి నీ గుమ్మంలో ఉంటాదిరా," అన్నాడు ఎల్లాజీ. నోటితో అన్నాడు.

తెల్లారేసరికి సైకిలు గుమ్మంలో లేదు, ఒడ్డున ఉంది. మొదటి బోటు దించిన కవళ్ల చేపలూ, రెండు మంచి వంజరాలూ బుట్టలో పడ్డాయి. ఆటో ఆ పూటకు పడుకుంది. పాత రోజుల్లోలాగా బరువు వెనక్కి లాగుతుంటే, ముందుకు వంగి తొక్కాడు. వంతెన మీంచి చేపలతో సహా జారినప్పుడు, ఇదీ నా బతుకు అనుకున్నాడు. లోవపేటలో బూర నొక్కాడు.

ఆడవాళ్లు వచ్చారు. ఈసారి బుట్ట నిండుగా ఉంది. అయినా ఒక్కరూ చేప వంక చూడలేదు.

"సూరేడీ?"

"మొదటి రోజు సూరి రాకపోడమేటి?"

"ఒంట్లో బాగోలేదేటి ఆడికి?"

ఏం చెప్పాలి? వాడు గుమ్మంలో నిలబడి నా కోసం ఎదురు చూస్తున్నాడని చెప్పాలా? ఎల్లాజీ నోట్లోంచి జారిపడింది. "కాలు బెణికిందమ్మా సూరికి."

"అయ్యో! ఏ కాలు?"

"ఎ... ఎడమ కాలు."

అంతే. చేపలు గిన్నెల్లోకి వెళ్లిపోయాయి. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఇళ్లల్లోకి వెళ్లి మళ్లీ వచ్చారు. సుహాసిని కట్టగట్టిన వావిలాకు తెచ్చింది, కాచి కాపడం పెట్టమని. లక్ష్మీనరసమ్మ ఆముదం సీసా తెచ్చింది. ఒకరు ములక్కాడలు, ఒకరు పది గుడ్లు, ఇంకొకరు ఇద్దరి చేత మోయించి పనసపండు.

"ఆడికి నివ్వు అన్నవేటి? మంచోడివి నాయినా, తమ్ముడి బదులు ఇంత దూరం తొక్కుకొచ్చినావు," అని ముసలావిడ ఎల్లాజీ బుగ్గ పుణికింది. పద్నాలుగేళ్ల తర్వాత లోవపేటలో అతనికి దక్కిన పేరు అది: సూరి అన్న.

చేపల బుట్ట ఖాళీ చేసుకుని, అంతకు రెండింతలు బరువు కట్టుకుని తిరిగి వచ్చాడు. వంతెన దగ్గర దిగి తోసుకుంటూ ఎక్కాడు. అవతల జారుతుంటే పనసపండు వెనక నుంచి వీపులో గుచ్చుకుంది. ప్రేమకు కూడా ముళ్లుంటాయని, అందులో పక్కవాడి మీది ప్రేమకు మరీ ఎక్కువ ఉంటాయని తెలిసొచ్చింది. ఇంటికి కాకుండా తిన్నగా సూరి గుమ్మంలోకి వెళ్లాడు.

సూరి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఖాళీ బుట్ట. గురమ్మ చీపురుతోనే వచ్చింది.

"ఏటి బావా ఇది! తెల్లారకట్ల నుంచీ నా మొగుడు వీది మొగన కొంగలాగ నిలబడిపోనాడు! సేపలన్నీ టెక్కలి బళ్లెక్కీసినాయి!"

ఎల్లాజీ సైకిలును గోడకు ఆనించి, తాడు విప్పి, పనసపండు సూరి ముందు పెట్టాడు. దాని పక్కన ఆముదం. దాని పక్కన వావిలాకు.

"ఇదేటన్నా?"

"నీకేరా. లోవపేటోళ్లు పంపినారు."

"నాకెందుకు?"

"నీ కాలు బెణికిందని."

సూరి తన కాళ్లు చూసుకున్నాడు. "ఎప్పుడు బెణికింది?"

"ఇందాక. నాను లోవపేట ఎల్లినప్పుడు."

గురమ్మ చీపురు దించేసింది. ఎల్లాజీ అరుగు చివర కూలబడ్డాడు. "కుళ్లురా. కుళ్లుతో ఎల్లినాను. ఆ ఊళ్లు నావి అనుకున్నాను. ఒక్కర్తికీ నా గుర్తు నేదు. సేపలు నిండుగుంటే కూడా, సూరేడీ, సూరేడీ. నీ మొదటి రోజు పాడుసేసీసినాను. తిట్టు. కొట్టినా కొట్టు."

సూరి ములక్కాడలను అటూ ఇటూ తిప్పాడు. సైకిలు వంక చూశాడు. దవడ ఒకసారి బిగిసింది, వదులైంది.

"ఏ కాలన్నా?"

"ఏటి?"

"బెణికింది ఏ కాలని సెప్పినావు? రేపు ఆ ఊరెల్తే కుంటాలి కదేటి. నీ మాట అబద్దమైపోద్ది."

ఎల్లాజీ తల వంచుకుని సూరి కాళ్ల వంక చూశాడు. "ఎడమది," అన్నాడు.

సూరి లేచాడు. లుంగీ ఎగ్గట్టి, వాకిట్లో ఈ చివర నుంచి ఆ చివరకు ఎడమకాలు ఈడ్చుకుంటూ నడిచి, తిరిగి చూశాడు. "సరిపోద్దా?"

ఎల్లాజీ చూశాడు. కుంటుతున్నా వాడు నిటారుగానే ఉన్నాడు. ఆ ఈడ్పులో కూడా ఏదో అందం ఉంది. రేపు ఆ కుంటి నడక చూస్తే లోవపేట మొత్తం కన్నీరు పెట్టుకుని, ఈసారి రెండు పనసపండ్లు ఇస్తుంది. ఎల్లాజీలో అసూయ చక్రం మళ్లీ తిరిగింది.

"మరీ అంత బాగా కుంటకురా సూరీ," అన్నాడు.