డెర్వ్లా ఇంటి గాలి

పొద్దున్నే టీ అయినా పెట్టుకోకముందే నోరీన్ ఎదిగిన కూతురిని బోర్లా పడుకోబెట్టి, అరచేతులు దొప్పల్లా వంచి వీపంతా తడుతుంది. డెర్వ్లాకు సిస్టిక్ ఫైబ్రోసిస్. ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా పట్టేస్తుంది, అలా తట్టి కదిలిస్తే గానీ దగ్గినా బయటికి రాదు. తిన్నది ఒంటబట్టాలంటే ముందు మాత్రలు మింగాలి. బుగ్గ మీద ముద్దు పెడితే పెదవులకు ఉప్పు తగులుతుంది.

పొయ్యి పక్క కుర్చీలో పడమటి గాలి కూర్చుని ఉంటుంది. డెర్వ్లా పుట్టిన రోజున ఐర్లండ్‌లో సముద్రపు ఒడ్డునున్న ఆ ఇంట్లోకి వచ్చి, ఇక పోనేలేదు. పిల్లకు ఊపిరాడనప్పుడు లేచొచ్చి ఛాతీలో కాస్త దారి చేస్తుంది.

"కాళ్లు తియ్యవయ్యా, బూడిదంతా ఎగురుతోంది!" అని నోరీన్ దాన్ని కసురుతుంది.

అఖాతానికి అవతలి ఒడ్డున ఓనన్ ఉన్నాడు. అతనిదీ ఇదే జబ్బు. ఈ జబ్బున్న ఇద్దరు దగ్గరికి రాకూడదు, ఒకరి ఛాతీలోని క్రిములు ఇంకొకరి ప్రాణం మీదికి తెస్తాయి. ఆస్పత్రికీ వేర్వేరు రోజుల్లో రమ్మంటారు. అందుకే వాళ్ల ప్రేమంతా ఫోన్లోనే. ఈమధ్య ఓనన్ ఊపిరందక మాట మధ్యలో ఆగిపోతున్నాడు.

"ఒక్కసారి చూడాలనుందమ్మా. దూరం నుంచే."

"మతి పోయిందా? అతని దగ్గు నీకంటుకుంటే?"

"మధ్యలో గాలి ఉంటుందిగా."

నోరీన్ కుర్చీ వైపు తిరిగింది. "ఏమయ్యా, నిలబడతావా?"

గాలి లేచి తలుపు తెరిచింది.

తీరాన రాతిగోడకు ఆ పక్క పడవలో ఇవతలికొచ్చిన ఓనన్, ఈ పక్క డెర్వ్లా. నడుమ గాలి నిలబడి ఒకరి ఊపిరి ఒకరికి చేరనివ్వలేదు. దాంతో మాటలూ చేరలేదు. ఫోన్లో అంతగా నవ్వించే మనిషి ఎముకల గూడులా ఉన్నాడు. వేళ్ల కొసలు ఉబ్బి నీలమెక్కాయి. ఏదో చెప్పబోయి, దగ్గుతూ గోడ పట్టుకుని కూలబడ్డాడు. డెర్వ్లా పరుగెత్తబోతే గాలి వెనక్కి నెట్టింది.

"నన్నాపుతావేం? నువ్వెళ్లు! వాడితోనే ఉండిపో!"

గాలి కదల్లేదు.

"నా సంగతి అమ్మ చూసుకుంటుందిలే," అంది ఏడుస్తూ.

గాలి ఆమె ముఖం ఒకసారి నిమిరి గోడ దాటింది.

మర్నాడు ఫోను మోగింది. "డెర్వ్లా! మా కొండ మీంచి మాట్లాడుతున్నా. ఎక్కడా ఆగకుండా ఎక్కేశా, తెలుసా!" ఓనన్ గొర్రెల గురించి, పడవల గురించి, ఆమె ఎర్రకోటు గురించి ఏకబిగిన చెప్పుకుపోతున్నాడు. అతని పక్కన ఉండాలని ఆమె ప్రాణం కొట్టుకులాడింది. అంతలో దగ్గు తెర వచ్చింది. ఫోను దుప్పట్లో దాచి, అది తగ్గేదాకా ఒంటరిగా పెనుగులాడింది.

"ఊఁ, చెప్పు," అంది మళ్లీ చెవి దగ్గర పెట్టుకుని. "వింటున్నా."