కండువా చివర ముడి

నేను ఒక కండువాను. నా కడుపుమంటంతా హేమలత మీద. నా యజమాని గురవయ్య కూతురు ఆ పిల్ల. పద్నాలుగేళ్ళుగా నేను చేస్తున్న పనిని తీసుకెళ్ళి ఒక ఫోనుకు అప్పజెప్పింది.

చీరాల మగ్గం మీద పుట్టాను. బావమరిది ఇంటి గృహప్రవేశంలో పెట్టిన బట్టలతో గురవయ్య భుజమెక్కాను. అయిదో తరగతితో బడి మానేసిన మనిషి. గుర్తుంచుకోవాల్సింది ఏదున్నా నా చివర ముడి వేసేవాడు. ఎరువుకు ఒకటి, పెళ్ళిపిలుపుకు ఒకటి. ఆ వేళ్ళు ఎంత నమ్మకంగా బిగించేవో! మనుషులది భలే తెలివి. జ్ఞాపకాన్ని గుడ్డకు కట్టేసి, తాము హాయిగా మర్చిపోతారు.

పోయిన ఏడాది సర్వేయరు చెప్పాడు. "బుధవారం పదింటికి మీ చేను కొలతలు. గట్టు మీద ఉండాలయ్యా." గురవయ్య ముడి వేశాడు. బుధవారం పొద్దున టీకొట్టులో ఆ ముడి తడిమి, "ఆ, గేదె మందు!" అంటూ రేపల్లె బస్సెక్కాడు. నాకు నోరుంటే అరిచేదాన్ని. ముడి 'ఏదో ఉంది' అని మాత్రమే అనగలదు, ఏమిటో చెప్పలేదు. ఆ పూట పక్కచేను అంకమ్మరావు ఒక్కడే నిలబడి, హద్దును మా వైపుకు జరిపి చూపించాడు.

సాయంత్రం హేమలత అడిగింది. "ముడి చూస్తే గేదె మందని నీకు తెలిసిందా నాన్నా, లేక అనుకున్నావా?"

"అనుకున్నాలే. అయితే ఏం?"

"తెలిసింది వేరు, అనుకున్నది వేరు నాన్నా!"

ఆ వారమే ఫోనులో నోట్సు రాయడం నేర్పింది. రెండు అరలు పెట్టించింది: 'తెలిసింది', 'అనుకున్నది'. గురవయ్య బండ వేళ్ళతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఫోన్నీ, కూతుర్నీ, చివరకు నన్నూ తిట్టాడు. కానీ మొన్న విత్తనాల కొట్టువాడు "ఎకరాకు నలభై బస్తాలు, గ్యారంటీ" అంటే, కొనబోయినవాడు ఆగి కూతురికి ఫోను చేశాడు.

"ఇది ఏ అరలో రాయాలమ్మాయ్?"

"నీకు తెలుసా?"

"లేదు. వీడంటున్నాడు."

"అయితే 'విన్నది' అని మూడో అర పెట్టు."

ఆ విత్తనం వేసిన ఇద్దరి పొలాలకు వెళ్ళి చూసొచ్చాడు. కొనలేదు. ఒప్పుకోవడానికి మనసు రాదుగాని, ముడితో ఆ పని అయ్యేది కాదు.

ఇప్పుడు నా చివరలు సాపుగా ఉన్నాయి. ఒక్కోసారి టీకొట్టులో ఆయన వేళ్ళు అలవాటుగా అక్కడికొస్తాయి, తడుముతాయి, ఏమీ దొరక్క వెళ్ళిపోతాయి. ఆ క్షణం కోసం రోజంతా కాచుకుంటాను. నాకు మిగిలిన పని ఫోను అద్దం తుడవడం. తుడిచినప్పుడల్లా తాను రాసుకున్న మొదటి నోటు తెరుస్తాడు. అది 'తెలిసింది' అరలో ఉంది.

"బుధవారం పది గంటలు. హద్దు కొలత. నేను వెళ్ళలేదు. పోయింది పదకొండు సెంట్లు."